గుంతల రోడ్డు మీద సైడ్ వీల్స్ స్కూటీ: చిక్కంతా పాత బైకు అలవాట్లతోనే

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ఉండేది బోడుప్పల్‌లో, ఆఫీసు ఆబిడ్స్‌లో. కాలేజీ రోజుల నుంచి బైకు నడిపినవాణ్ణి. రెండేళ్ల క్రితం యాక్సిడెంట్‌ అయి ఎడమ కాలు మోకాలి కింది నుంచి తీసేశారు. ఇప్పుడు కృత్రిమ కాలు పెట్టుకుని, స్కూటీకి రెండు పక్కలా చక్రాలు బిగించుకుని మళ్లీ ఆఫీసుకు వెళ్తున్నాను. మంచి రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. గుంతల రోడ్డు వస్తే మాత్రం బండి నా మాట వినడం లేదు. గుంత తప్పిద్దామని చూస్తే సరిగ్గా ఆ గుంతలోకే లాక్కుపోతోంది. మొన్న యూటర్న్ తీసుకుంటుంటే లోపలి వైపు చక్రం గాల్లోకి లేచింది. ఇంకోచోట ఎక్సిలేటర్ ఎంత ఇచ్చినా బండి కదల్లేదు, చక్రం ఊరికే తిరిగింది. వానాకాలం వస్తోందంటే టెన్షన్‌గా ఉంది. మెకానిక్‌ని అడిగితే ‘అలవాటవుతుంది అన్నా’ అంటున్నాడు. ఈ కిట్ తీసేసి, వెనక ఇరుసు వేయించి రెండు చక్రాలు పెట్టించుకుంటే నయమా? మా ఆవిడను ఎక్కించుకోవచ్చా?

– ఒక పాఠకుడు, బోడుప్పల్

జవాబు: అంత పెద్ద దెబ్బ తగిలాక మళ్లీ హ్యాండిల్ పట్టుకుని సొంతంగా ఆఫీసుకు వెళ్తున్నారు. చాలా సంతోషం. నేనూ ఈ హైదరాబాద్‌లో సైడ్ వీల్స్ బండే నడుపుతాను కాబట్టి మీరు రాసిన ప్రతి ఇబ్బందీ నాకు తెలిసిందే. మీ మెకానిక్ అన్నట్టు కొంత అలవాటు కావాలి, నిజమే. కానీ మీ విషయంలో ముందు కొన్ని అలవాట్లు పోవాలి. కొంత సర్దుబాటు బండికే చేయించాలి. మీకు ఎదురైన మూడింటికీ మూడు వేర్వేరు కారణాలున్నాయి. అన్నిటికంటే ముఖ్యమైనది మొదటిదే.

గుంత తప్పిద్దామంటే గుంతలోకే పోతోందన్నారు. ఏళ్ల తరబడి బైకు నడిపి ఈ బండికి మారినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. బైకు మీద కాస్త వేగంగా పోతున్నప్పుడు ఎడమ పక్కన గుంత కనబడితే మీ ఒళ్లు ఏం చేసేదో గుర్తు తెచ్చుకోండి. నడుము కుడికి వాలేది, కుడి చెయ్యి పిడిని ముందుకు ఒక్క నొక్కు నొక్కేది. ఆ నొక్కుకి ముందు చక్రం ఒక్క క్షణం ఎడమకి తిరుగుతుంది. దాంతో బైకు కుడికి వాలుతుంది, వాలిన వైపే తిరుగుతుంది. రెండు చక్రాల బండి వేగంలో తిరిగేదే అలా. ఎవరూ నేర్పకపోయినా చేతులు నేర్చేసుకుంటాయి. ఇప్పుడు మీ బండి వాలదు, పక్క చక్రాలు వాలనివ్వవు. అందుకే కుడి పిడిని ముందుకు నొక్కితే ముందు చక్రం ఎడమకి తిరిగి బండి ఎడమకే పోతుంది. గుంత ఉన్నదీ ఎడమనే. బండి మొండికేస్తోందని మీరు అనుకుంటున్నారు గానీ అది మీ చేతులు చెప్పినట్టే నడుస్తోంది.

దీనికి మందు ఒక్కటే, చేతులకు కొత్త పాఠం నేర్పడం. కుడికి వెళ్లాలంటే కుడి పిడి మీ ఒంటి వైపు రావాలి, ఎడమ పిడి ముందుకు పోవాలి. ఎడమకైతే దీనికి తిరగేసి. వినడానికి ఇంతే, కానీ హఠాత్తుగా గుంత కనబడ్డప్పుడు పాత నొక్కే ముందు వస్తుంది. అందుకని ట్రాఫిక్‌లో కాకుండా ఆదివారం పొద్దున్నే మీ కాలనీలో ఖాళీ స్థలం చూసుకుని ప్రాక్టీస్ చేయండి. దారిలో రెండు పాత చెప్పులు పడేయండి. మనిషి నడిచే వేగంతో మొదలుపెట్టి, గంటకు 20 కిలోమీటర్ల దాకా వెళ్తూ వాటిని ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి దాటండి. ఒళ్లు కూడా తిరిగే వైపే వాల్చండి. దానివల్ల బండి తిరగదు గానీ, బరువు లోపలికి వచ్చి స్థిరంగా ఉంటుంది. చేతులు ఆలోచించకుండా తిప్పేదాకా అంబర్‌పేట్ ట్రాఫిక్‌లో వేగంగా పోవద్దు.

ఇక గుంతల లెక్క. బైకుకి నేల మీద ఒకటే గీత, కాబట్టి గుంత పక్క నుంచి దూరిపోతుంది. కారుకి రెండు గీతలు, గుంతను మధ్యలో పెట్టుకుని దాటేస్తుంది. మీ బండికి మూడు గీతలు. ముందు చక్రం, అసలు వెనక చక్రం ఒక గీతలో పోతాయి, పక్క చక్రాలు చెరో గీతలో పోతాయి. కారు డ్రైవరు గుంతను ఎక్కడ వదిలేస్తాడో అక్కడే మీ మధ్య గీత ఉంటుంది. అంచేత ముందు పోయే కారు వెనకాలే గుడ్డిగా పోకండి, బైకు వెనకాల అసలే పోకండి. ఈ మూడు గీతల మధ్య ఎంత జాగా ఉందో మీ కంటికి తెలియాలి. దానికి సులువైన మార్గం ఉంది. సిమెంటు నేల మీద ఒక మగ్గు నీళ్లు పోసి, ఆ తడి మీదుగా బండి పోనిచ్చి, దిగి చూడండి. మూడు తడి గీతలు కనబడతాయి. మధ్య గీతకీ పక్క గీతకీ మధ్య దూరాన్ని జానలతో కొలుచుకోండి. అంతకంటే సన్నగా ఉన్న గుంత ఏదైనా ఆ సందులోంచి దాటిపోవచ్చు. దాని అంచు మీ ముందు చక్రానికి కాస్త పక్కగా ఉండేలా చూసుకుంటే చాలు.

అంతకంటే పెద్ద గుంతైతే ఏదో ఒక చక్రం దిగక తప్పదు. ఈ బండి మీద రోడ్డును చూసే పద్ధతే ఇక్కడ మారాలి. బైకు మీద ‘ఎలా తప్పించుకోవాలి’ అని చూసేవారు. ఇప్పుడు ‘ఏ చక్రాన్ని దింపాలి, ఎంత నెమ్మదిగా దింపాలి’ అని చూడాలి. లోతైన గుంతలోకి ముందు చక్రాన్ని దింపకండి. స్కూటీ చక్రాలు 10, 12 అంగుళాలవి, చిన్నవి. బైకు చక్రం పైపైన దాటే గుంతలోకి ఇవి పూర్తిగా దిగిపోతాయి, హ్యాండిల్ ఒక్కసారిగా గుంజుకుంటుంది. ఆ గుంతలోనే వెనక చక్రమూ దిగుతుంది. పక్క చక్రం దిగితే బండి ఆ వైపు ఒరుగుతుంది, అంతే. నెమ్మదిగా ఉంటే అది పెద్ద విషయం కాదు.

రెండు పక్క చక్రాల్లో ఏది దింపాలి? వాననీళ్లు పోవడానికి మన రోడ్లను మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. మనం నడిపేది ఎడమ పక్కన కాబట్టి బండి ఎప్పుడూ కాస్త ఎడమకి ఒరిగే ఉంటుంది. హ్యాండిల్ ఎడమకి లాగినట్టు ఉండేదీ అందుకే. ఇలాంటి చోట ఎడమ చక్రం గుంతలో దిగితే ఒరుగు మీద ఒరుగు. కుడి చక్రం దిగితే ఆ వాలు సరిపోయి, బండి దాదాపు సమంగా నిలబడుతుంది. రాయో, ఇటుక ముక్కో, ఎత్తుగా ఉన్న మ్యాన్‌హోల్ మూతో అయితే దీనికి తిరగేసి లెక్క, దాన్ని ఎడమ చక్రం ఎక్కితే నయం. గుంతను కుడి చక్రానికి వదిలేయడంలో ఇంకో లాభముంది. దానికోసం మీరు ఎడమకి జరుగుతారు, వెనకొచ్చే ట్రాఫిక్‌కి అడ్డం పడరు.

ఇదంతా చూసుకోవడానికి టైమెక్కడ ఉంటుందని అడగొచ్చు. బైకుకి లేని గొప్ప సుగుణం మీ బండికి ఒకటుంది. అది ఎంత నెమ్మదిగా పోయినా పడదు. బైకు మీద గుంతల్లో మరీ నెమ్మదిస్తే బ్యాలెన్స్ పోతుందని కొంచెం వేగం మీదే దాటేస్తాం. ఆ అవసరం మీకు ఇక లేదు. మనిషి నడక కంటే నెమ్మదిగా, నత్తలా పోవచ్చు, పూర్తిగా ఆగి చూసుకుని మళ్లీ కదలొచ్చు. వెనక హారన్లు కొడతారు, కొట్టనివ్వండి. కాకపోతే బ్రేకు గుంత దగ్గరికి వచ్చాక కాకుండా, ముందే, తిన్నగా పోతున్నప్పుడే వేయాలి. గుంతలోకి దిగే సమయానికి బ్రేకు వదిలేసి ఉండాలి. బ్రేకు పట్టుకుని దిగితే ముందు ఫోర్కు అప్పటికే కిందికి కుంగి ఉంటుంది, దెబ్బ నేరుగా మణికట్లకు తగులుతుంది. 125 సీసీ లోపు స్కూటీల్లో 2019 నుంచి వచ్చేవాటికి ఎడమ లివర్ నొక్కితే ముందూ వెనకా బ్రేకులు కలిసి పడతాయి. మీది అలాంటిదేనేమో చూసుకోండి. చాలా కిట్లలో పక్క చక్రాలకు బ్రేకులు ఉండవన్నదీ గుర్తుంచుకోండి. బండి బరువు పెరిగింది, బ్రేకులు మాత్రం పాతవే. దూరం ఎక్కువ ఉంచుకోవాలి. హ్యాండిల్‌ని బిగించి పట్టుకోకండి. మోచేతులు కాస్త వంచి, వేళ్లతో పట్టుకున్నట్టు వదులుగా పట్టుకుంటే, చిన్న చిన్న కుదుపుల్లో అది తనంతట తనే అటూ ఇటూ ఊగి సర్దుకుంటుంది.

స్పీడ్ బ్రేకర్ల దగ్గర కూడా బైకు అలవాటు ఒకటి మానుకోవాలి. స్పీడ్ బ్రేకర్ చివర, నాలా పక్కన, బైకులు దూరే సందు ఉంటుంది కదా. మీరు అందులో దూరితే ఎడమ చక్రం కింద, కుడి చక్రం పైన ఉండి బండి నాలా వైపు ఒరుగుతుంది. అలాగే కార్లవాళ్లలా ఏటవాలుగా ఎక్కించకండి. చక్రాలు ఒక్కొక్కటిగా ఎక్కి దిగుతుంటే బండి అటూ ఇటూ ఊగిపోతుంది. తిన్నగా వెళ్లి, రెండు పక్క చక్రాలు ఒకేసారి ఎక్కేలా దాటండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, 25 కిలోమీటర్ల వేగంలో హాయిగా దాటేలా గుండ్రంగా ఉండాలి. మన కాలనీల్లో సిమెంటు పోసి కట్టేవి అడుగు వెడల్పుతో గట్లలా ఉంటాయి. వాటి మీద కిట్ ఇరుసు అడుగు భాగం తగిలే ప్రమాదముంది. మీ వీధిలో ఉన్నవాటి మీద ఒకసారి బండి నెమ్మదిగా పోనిచ్చి, ఎవరినైనా పక్కన వంగి చూడమనండి. తగులుతోందో లేదో తెలిసిపోతుంది. ఫ్లైఓవర్ల జాయింట్లు, రైల్వే గేట్ల దగ్గర పట్టాలు కూడా ఇలాగే తిన్నగా దాటాలి.

యూటర్న్ సంగతి. ముందు చక్రం నేలను తాకే చోటు నుంచి రెండు పక్క చక్రాలు తాకే చోట్లకు గీతలు గీస్తే ఒక త్రికోణం వస్తుంది. ముందు సన్నగా, వెనక వెడల్పుగా. మీ బరువు ఆ త్రికోణం లోపల ఉన్నంతసేపు బండికి ఏమీ కాదు. తిరిగేటప్పుడు బరువు బయటి వైపుకి తోస్తుంది. సరిగ్గా అప్పుడే బ్రేకు వేస్తే బరువు ముందుకు, అంటే త్రికోణం సన్నగా ఉన్న చోటికి వస్తుంది. రెండూ కలిసి లోపలి చక్రాన్ని లేపేస్తాయి. దీనికి తోడు మన యూటర్న్‌లు ఎప్పుడూ కుడికే. డివైడర్ ఉన్న రోడ్డు మీద వాలు సాధారణంగా డివైడర్ నుంచి బయటి అంచుకు ఉంటుంది. మీరు తిరగడం మొదలుపెట్టిన రోడ్డూ బయటికే వాలి ఉంటుంది, తిరిగి చేరే రోడ్డూ బయటికే వాలి ఉంటుంది. మలుపు తోసేదీ అటే, వాలు లాగేదీ అటే. ఈ ఊళ్లో కుడి మలుపులు మూసేసి యూటర్న్‌లు పెట్టిన జంక్షన్లు ఎన్నో మీకూ తెలుసు, కాబట్టి రోజూ ఈ పరీక్ష తప్పదు. మలుపుకి ముందే వేగం పూర్తిగా తగ్గించి, ఒళ్లు కుడికి వాల్చి, సన్నని ఎక్సిలేటర్ మీద, ఒకే వంపులో తిరగండి. బంజారాహిల్స్ వైపు పల్లంలో మలుపులు తిరిగేటప్పుడూ ఇదే పద్ధతి. చక్రం లేచినట్టు అనిపిస్తే ఎక్సిలేటర్ మెల్లగా తగ్గిస్తూ హ్యాండిల్‌ని కాస్త తిన్నగా వదలండి, చక్రం దిగుతుంది. బ్రేకు గట్టిగా నొక్కకండి.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇది మీరు అడగలేదు గానీ నేనే చెప్తున్నాను. బండి ఊగితే కాలు కింద పెట్టొద్దు. బైకు నడిపినవాళ్లకి ఒరిగితే కాలు దానంతట అదే దిగుతుంది. ఈ బండికి ఆ కాలి వెనకే పక్క చక్రం వస్తోంది. బండి కదులుతుండగా పాదం నేలకి తగిలితే వెనక్కి లాక్కుపోయి చక్రం దాని మీదికి ఎక్కుతుంది. మీకున్న మంచి కాలు కుడిది, దాన్ని జాగ్రత్తగా కాపాడుకోవాలి. కృత్రిమ కాలితో ఇంకో చిక్కు, అది ఫుట్‌బోర్డు మీద జారి బయటికి వచ్చినా మీకు తెలియదు. మందపాటి రబ్బరు మ్యాట్ వేయించి, ఎడమ అంచున ఒక అంగుళం ఎత్తు పట్టీ బిగించమనండి. బెల్టుతో కట్టేయడం మాత్రం వద్దు, పడితే కాలు విడిపించుకోవడం కష్టం. గుంతల రోడ్డు మీద వెళ్లొచ్చిన రోజు సాయంత్రం సాకెట్ (కృత్రిమ కాల్లో మీ కాలు దూర్చే భాగం) తీసి చర్మం ఎర్రబడిందేమో చూసుకోండి. ఎర్రదనం రాత్రికి కూడా తగ్గకపోతే కాలు బిగించినవాళ్లకి చూపించండి.

చక్రం ఊరికే తిరిగిందన్నది మాత్రం మీ తప్పు కాదు, బండి సెట్టింగ్‌ది. మీ బండిని తోసేది మధ్యనున్న అసలు వెనక చక్రం ఒక్కటే. వెనక బ్రేకు కూడా దానికే. పైపుల కోసమో కేబుల్ కోసమో రోడ్డు పొడవునా తవ్వి, సరిగా పూడ్చకుండా వదిలేసిన చోట్ల కందకంలా ఒక పల్లం ఉంటుంది. మీ పక్క చక్రాలు రెండూ ఆ పల్లానికి అటూ ఇటూ గట్ల మీద ఆనుకుంటే, మధ్య చక్రం పల్లంలో వేలాడుతుంది. ఎక్సిలేటర్ ఇస్తే గాల్లో తిరుగుతుంది. ఇంకా ప్రమాదమేమిటంటే వెనక బ్రేకు కూడా పనిచేయదు. కాబట్టి అలాంటి పల్లాన్ని రెండు చక్రాల మధ్య పెట్టుకుని పోవద్దు. పూర్తిగా ఒక పక్కనే ఉండండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటండి. ఇరుక్కుంటే ఎక్సిలేటర్ ఇస్తూ ఉండకండి. ఎవరినైనా పిలిచి వెనక సీటు మీద గట్టిగా అదిమిపట్టుకోమంటే చక్రం నేలకి తగిలి బండి కదులుతుంది. ఇలాంటప్పుడు సాయం చేయడానికి మన ఊళ్లో మనుషులకు కొదవ లేదు.

అయితే చిన్న పల్లాల్లో కూడా ఇలా అవుతుంటే పక్క చక్రాలు మరీ కిందికి బిగించారన్నమాట. కొన్ని కిట్లలో ఇరుసును నేరుగా ఛాసిస్‌కే బిగిస్తారు. మెకానిక్ ఖాళీ బండి మీద ఎత్తు సరిచూసి పంపించేస్తాడు. మీరు కూర్చోగానే వెనక షాకప్ కుంగుతుంది, ఛాసిస్‌తో పాటు పక్క చక్రాలూ కిందికి వస్తాయి. బరువంతా వాటి మీద పడి మధ్య చక్రం తేలికవుతుంది. అందుకని మీరు కూర్చుని ఉండగానే ఎత్తు సెట్ చేయించండి. సమంగా ఉన్న నేల మీద మీరు సీటు మీద కూర్చోండి, మెకానిక్ పక్క చక్రాన్ని చేత్తో తిప్పాలి. నేలకి రాసుకుంటూ, కాస్త బలం పెడితే తిరగాలి. అసలు కదలకపోతే దాని మీద బరువు ఎక్కువుంది. గాల్లో ఉన్నట్టు తిరిగితే బండి అటూ ఇటూ పడుతూ లేస్తూ పోతుంది. రెండు పక్కలా ఒకేలా ఉండాలి. పక్క టైర్లలో గాలి కూడా రెంటికీ సమానంగా పెట్టించండి. రాయిలా గట్టిగా నింపితే ప్రతి కంకర రాయికీ ఎగురుతాయి.

గుంతల రోడ్డు కిట్‌ని కూడా తినేస్తుంది. వారానికోసారి, బండి తుడిచేటప్పుడు, ఇరుసు వెల్డింగ్‌లను గుడ్డతో శుభ్రంగా తుడిచి దగ్గరగా చూడండి. వెల్డింగ్ అంచు వెంబడి, రంగు మీద వెంట్రుకంత సన్నని తుప్పు గీత కనబడితే అది పైపై తుప్పు కాదు, లోపల పగులు మొదలైందన్న గుర్తు. ఆ రోజు బండి తీయకండి. నట్లు బిగించాక నట్టు మీద నుంచి బోల్టు మీదికి కలిసేలా నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి. నట్టు ఏమాత్రం తిరిగినా ఆ గీత విడిపోయి కంటికి కనబడుతుంది, రోజూ స్పానర్ పట్టుకునే పని ఉండదు. హ్యాండిల్ మధ్యలో ఎక్కడో చిన్న గంటులో పడినట్టు ఆగుతుంటే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు, అరిగింది. పుత్లీబౌలిలో స్పేర్ పార్టులు దొరుకుతాయి, అది మార్పించేదాకా గుంతల్లో బండి సరిగా మాట వినదు.

ఇరుసు వేయించుకుంటే నయమా అన్నారు. నా అభిప్రాయం, మార్చకండి. వెనక రెండు చక్రాలను ఒకే ఇరుసుకి బిగిస్తే రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. అలా కుదరక బండి తిరగకుండా తిన్నగా తోసుకుపోతుంది. రెండు చక్రాలనూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉన్న ఇరుసైతే ఈ బాధ లేదు గానీ, ఒక చక్రం బురదలో జారితే బలమంతా దానికే పోయి, రెండోది ఊరుకుంటుంది. పైగా ఖర్చూ ఎక్కువే. మీ కిట్‌లో పక్క చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి, మలుపులో అది హాయి. డబ్బు పెట్టాలనుకుంటే పక్క చక్రాలకు విడివిడిగా స్ప్రింగులున్న కిట్‌కి పెట్టండి. ఒక చక్రం గుంతలో దిగినా మధ్య చక్రం నేలను వదలదు, మీ వెన్నుకీ హాయి.

ఏది మార్చినా కాగితాలు చూసుకోండి. బండికి మార్పులు చేయిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్టీఏ ఆమోదం ఉండాలి, ఆర్సీలో ఎక్కాలి. 2019 సవరణ తర్వాత చట్టంలో ఇలాంటి బండ్లను ‘అడాప్టెడ్ వెహికల్’ అంటున్నారు. మీ లైసెన్సులోనూ అది ఉండాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. లేకపోతే అవసరమైన రోజున పేచీ పెడతారు.

వానాకాలానికి ఒక్కటే కచ్చితమైన మాట. అడుగు కనబడని నీళ్లలోకి దిగొద్దు. బైకుకి ఒక గీత క్షేమంగా ఉంటే చాలు, మీకు మూడు గీతలూ క్షేమంగా ఉండాలి. నీళ్ల కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉంటే మీ మూడింట్లో ఏదో ఒకటి దాన్ని వెతుక్కుంటుంది. ఉప్పల్, రామంతాపూర్, అంబర్‌పేట్, కాచిగూడ, కోఠి మీదుగా వెళ్లే మీ దారిలో మూసీ దాటే పని లేదు, అది మంచిదే. వాన పడ్డ సాయంత్రం ఆఫీసులో కూర్చుని నీళ్లు తీశాకే బయల్దేరండి. వాన వెలిసిన మర్నాడు కొత్త గుంతలు పుట్టి ఉంటాయి, నిన్నటి దారే కదా అని పోవద్దు. గుంతల్లో పోసే కంకర వదులుగా ఉన్నచోట బండి పడదు గానీ, హ్యాండిల్ తిప్పినా ముందు చక్రం తిన్నగానే జారుకుంటూ పోతుంది. అక్కడ ముందు బ్రేకు వేయకుండా, పెద్ద మలుపులు తిప్పకుండా దాటండి. చార్మినార్ దగ్గర పరిచిన గ్రానైట్ రాళ్లు కూడా తడిస్తే జారతాయి.

ఇక మీ ఆవిడ సంగతి. ఎక్కించుకోవచ్చు, కానీ కిట్ ఎత్తు సరిచేయించాక, గుంతల్లో మీ చేతులు కుదురుకున్నాక. వెనక కూర్చున్న మనిషి బరువు పక్క చక్రాల మధ్యే, త్రికోణం వెడల్పుగా ఉన్న చోటే పడుతుంది, అది మంచిదే. బరువు పెరిగాక కిట్ ఎత్తు మళ్లీ చూడాలి, ఇద్దరూ కూర్చుని చేత్తో చక్రం తిప్పే పరీక్ష ఇంకోసారి చేయించండి. సామాను విషయంలోనూ ఇదే లెక్క. 25 కిలోల బియ్యం బస్తాను ఫుట్‌బోర్డు మీద పెడితే బరువు సన్నని వైపు పడుతుంది, వెనక సీటు మీద కట్టుకుంటే నయం. ఆవిడను మాత్రం ఒక పక్కకి కాళ్లు వేసి కూర్చోనివ్వకండి. బరువంతా ఎడమకి, రోడ్డు వాలు వైపే పడుతుంది. పైగా పాదాల పక్కనే చక్రం తిరుగుతుంటుంది, చీర కొంగో చున్నీయో చిక్కుకుంటే చాలా ప్రమాదం. పక్క చక్రాల మీద మడ్‌గార్డులు లేకపోతే ముందు అవి వేయించండి. చుడీదార్ వేసుకుని, చున్నీ నడుముకి కట్టుకుని, రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోమనండి. ఆవిడకీ హెల్మెట్ ఉండాలి. మొదటిసారి ఆఫీసు దారి వద్దు, ఒక ఆదివారం పొద్దున్న ఉప్పల్ దాకా వెళ్లి రండి.